సెంటున్నరలో కోడి ఎక్కడ తిరగాలి?

పోయిన నెల మా మండలంలో పొదుపు సంఘాల సమావేశానికి మా ఆవిడతో పాటు నేనూ వెళ్లాను. పెరటి కోళ్ల పెంపకం మీద అవగాహన అని కాగితం వచ్చింది. మాట్లాడిన అధికారి మంచివారే, మాట మెత్తన. కానీ ఆయన అన్న ఒక్క మాటకి ఆ పూట నాకు అన్నం సహించలేదు. "ఏటా పిల్లల్ని ఇస్తూనే ఉన్నాం అమ్మా, మీరే శ్రద్ధ లేక చంపుకుంటున్నారు" అన్నారు. వెనక వరుసలోంచి ఒక చెల్లెమ్మ లేచి, "ఒకసారి మా ఇంటికి రండి సార్, వాటిని ఎక్కడ పెట్టాలో చూపించి వెళ్లండి" అంది. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆమెది మా ఊరి లేఅవుట్ కాలనీ. గత ప్రభుత్వం పల్లెల్లో ఇంటికి సెంటున్నర చొప్పున పంచిన స్థలాల్లో ఆమెదొకటి. కిందటేడు ఏప్రిల్‌లో నాలుగు వారాల పిల్లలు ఇరవై తెచ్చుకుంది. నలభై రోజులకి మిగిలినవి మూడు. ఏడింటిని కాకులూ గద్దా ఎత్తుకుపోయాయి. బావురు పిల్లి ఒక్క రాత్రిలో నాలుగింటిని పట్టింది. భయపడి మిగిలినవాటిని పాత కూలర్ డబ్బాలో పెట్టి మూత వేస్తే, రేకు వేడికి ఒకే మధ్యాహ్నం ఆరు చచ్చాయి. శ్రద్ధ లేదా ఆమెకి? ఆ ఎండలో గంటకోసారి నీళ్లు మార్చిన మనిషి. ఆమె దగ్గర లేనిది చోటు. ఆ చోటు ఎవరు తీసేశారో, తిరిగి ఎవరివ్వాలో అడగడానికే ఇది రాస్తున్నాను.

టేపు పట్టుకుని కొలుద్దాం రండి. సెంటంటే 435 చదరపు అడుగుల పైచిలుకు. సెంటున్నర 653. అందులో ప్రభుత్వం గీసిచ్చిన ఇల్లు 340. పోగా మిగిలేది 313. అందులోనే ముందు మెట్లు, బట్టలుతికే బండ, నీళ్ల డ్రమ్ములు, నాలుగు కట్టెలు, ఒక మోటారు సైకిలు. మిగతాది ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందు.

ఇప్పుడు కోళ్ల లెక్క. పది పెట్టలు, ఒక పుంజు, ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంటుంది కాబట్టి పన్నెండు అనుకుందాం. రాత్రి పడుకోవడానికి పెద్ద కోడికి రెండు చదరపు అడుగులు. అంటే 24, నాలుగడుగుల వెడల్పు ఆరడుగుల పొడవు గూడు. పగలు తిరగడానికి దడి కట్టిన జాగాలో కోడికి పది చదరపు అడుగులకి తగ్గకూడదు. అది 120. ఆ 120 ఒక్కటీ చాలదు, పక్కపక్కన రెండుండాలి, ఎందుకో తర్వాత చెబుతాను. అప్పుడు 240. గూడుతో కలిపి 264. సెంటున్నర స్థలంలో ఇల్లు పోగా మిగిలిన 313లోంచి ఇది తీసేస్తే 49 చదరపు అడుగులు. ఆ 49లో మనిషి మెట్లు దిగాలి, బట్టలుతుక్కోవాలి, బండి పెట్టుకోవాలి.

ఇప్పటి ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటోంది. మూడు సెంట్లంటే 1306 చదరపు అడుగులు. ఇల్లు పోగా 966. అందులో కోళ్లకి 264 తీసినా ఇంకో గది వేసుకోవచ్చు, ఒక మునగ చెట్టు, ఒక కరివేపాకు మొక్క పెట్టుకోవచ్చు. మూడు సెంట్ల కోసం మనం అడుగుతుంటే "పేదవాడికి అంత స్థలమెందుకు, ఇల్లు కట్టుకోను చాలదా" అని కొందరు పెద్దలు అంటున్నారు. పేదవాడు ఇంట్లో పడుకోవడమే కాదయ్యా, ఇంటి వెనక బతుకుతాడు కూడా. పెరడు లేని ఇల్లు పల్లెలో సగం ఇల్లు.

"నాటుకోడికి జాగా కొలవడమేంటి, ఊరంతా దానిదేగా" అని మన సంఘంలోనే ఒక పెద్దాయన నన్ను ఆటపట్టించారు. ఆయన చిన్నప్పటి ఊరు అలాగే ఉండేది, నేనూ చూశాను. కళ్లాలు, గడ్డివాములు, పెంటదిబ్బలు, చేల గట్లు. కోడి పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వచ్చేది. ఇప్పుడు కళ్లం లేదు, కోత మిషను వచ్చి చేలోనే పని ముగిస్తుంది. గట్టు మీద గడ్డిమందు. మొక్కజొన్న వేసేటప్పుడు మందు పట్టించిన గింజ నేల మీద రాలితే అది ఏరుకున్న కోడి సాయంత్రానికి మెడ వాలుస్తుంది. కాలనీలో సిమెంటు రోడ్డు, ఆటోలు, పది వీధికుక్కలు. పక్కింటివాళ్లు ఆరబోసిన మిరపకాయల మీద కోడి నడిస్తే చాలు, రెండు కుటుంబాలకి ఆరు నెలలు మాటలుండవు. మా కాలనీలో ఒకావిడ కోళ్లన్నిటినీ ఒకే రోజు అమ్మేసింది. రోగం వచ్చి కాదు, తోడికోడలితో తగాదా తట్టుకోలేక.

ఇంకోటి చెప్పాలి. తల్లి వెంట తిరిగిన పిల్ల వేరు, బల్బు కింద పెరిగిన పిల్ల వేరు. నాటుపెట్ట ఆకాశంలో గద్ద నీడ చూడగానే ఒక రకం కూత కూస్తుంది, పిల్లలు క్షణంలో రెక్కల కిందికి దూరతాయి. పథకంలో వచ్చే పిల్లలకి ఆ తల్లి లేదు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ మంచి జాతులే, నేను కాదనను. నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే అవి దానికి రెట్టింపు, ఇంకా పైన పెడతాయి. అయితే అవి సరిగా పొదగవు. మా ఇంట్లో ఉన్న వనరాజ పెట్టలు నాటుకోళ్లలా చెట్టెక్కి పడుకోవు, చీకటి పడితే ఎక్కడున్నది అక్కడే కూలబడతాయి. నాటుకోడి కంటే గూడు ఎక్కువ అవసరమైన పక్షిని గూడు లేని ఇంటికి పంపుతున్నారు. తర్వాత చచ్చిందని ఇల్లాలిని తిడుతున్నారు.

గూడు సంగతిలో తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకునేదేమీ లేదు. ఎనిమిదేళ్ల కిందట మా ఆవిడ అమ్మాయి కాలేజీ ఫీజు కోసమని పద్నాలుగు కోళ్లని పెంచింది. గూడు నేనే కట్టాను. డబ్బు మిగులుతుందని షాపులో ఇచ్చే పల్చటి కోడి జాలీ చుట్టాను, తలుపు కింద రెండంగుళాల సందు వదిలేశాను, అది సందు అని కూడా అనుకోలేదు. ఒక రాత్రి ముంగిస వచ్చింది. ముంగిస తినడానికి ఒక్కదాన్ని పట్టుకుపోదు, దొరికినన్నిటి మెడలూ కొరుకుతుంది. తెల్లారి చూస్తే పద్నాలుగూ వరసగా పడున్నాయి. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఫీజుకి ఆమె చెవి కమ్మలు పోయాయి. ఇంట్లో ఎరువుల దుకాణం అప్పు గురించి అయితే నాలుగు రోజులు మాట్లాడుకునేవాళ్లం. కోళ్లు కాబట్టి ఆ పొద్దుటితో మాట ముగిసింది.

కాబట్టి గూడు గురించి నేను చెప్పేది పుస్తకంలోది కాదు, పోగొట్టుకుని నేర్చుకున్నది. కోడి జాలీ కోడిని ఆపుతుంది గాని ముంగిసనీ పందికొక్కునీ ఆపదు. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ కావాలి, కనీసం కింది రెండడుగులకైనా. చుట్టూ అడుగు లోతు తవ్వి జాలీని పాతి, కింద బయటివైపుకి మడవాలి. తవ్వుకుంటూ వచ్చిన జంతువు ఆ మడత తగిలి వెనక్కి పోతుంది. తలుపు కింద వేలు కూడా దూరకూడదు. గడియ పైనొకటి, కిందొకటి. కుదిరితే గూటిని నేల మీద కాక రెండడుగుల ఎత్తున నాలుగు రాటల మీద కట్టండి. వెదురు బద్దలు సన్నటి సందు వదిలి పరిస్తే రెట్ట కిందికి రాలుతుంది, గూడు పొడిగా ఉంటుంది. రాలిన రెట్ట మీద వారానికోసారి ఊక చల్లి, నెలకోసారి ఎత్తి కూరపాదులకి వేసుకోవచ్చు.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొద్దున, సాయంత్రం ఎండ లోపలికి కొట్టదు. పడమటి గోడ మూసెయ్యండి, మా మెట్టలో వడగాడ్పు అటునుంచే వస్తుంది. మిగతా వైపుల పైభాగమంతా జాలీయే ఉండాలి. చలికాలం చలికి కోడి చావదు, ఉక్కకీ రెట్ట ఘాటుకీ చస్తుంది. చాలామంది దయతో గోనెలు కప్పి గాలి ఆపేస్తారు. పైకప్పుకి రేకు ఒక్కటే వేస్తే మే నెలలో అది పెనం. రేకు మీద తాటాకో పామాయిల్ మట్టలో కప్పండి, మా దగ్గర పామాయిల్ మట్టలకి డబ్బు కూడా అడగరు. చూరు రెండడుగులు బయటికి రావాలి, లేకపోతే జల్లు లోపలికి కొడుతుంది. మనిషి వంగి చెయ్యి పెట్టి ఊడ్చగలిగేంత ఎత్తుండాలి. ఊడ్చలేని గూడు పేలకి ఇల్లు అవుతుంది. మట్టిగోడ అయితే పగుళ్లు మెత్తి సున్నం వెయ్యండి, పిడుదులు అక్కడే దాక్కుని రాత్రి బయటికొస్తాయి.

లోపల ఎక్కి కూర్చోను కర్ర కావాలి. ఇనప పైపు వద్దు, కాళ్లు జారతాయి. మణికట్టు లావు కర్ర, కోడికి జానెడు చొప్పున లెక్కేసుకుని రెండు వరసలు. నాలుగైదు పెట్టలకి ఒకటి చొప్పున అడుగు పొడవు అడుగు వెడల్పు పెట్టెలు, గడ్డి వేసి చీకటిగా ఉన్న మూల పెట్టాలి, కర్ర కంటే కిందుగా ఉండాలి. పైన ఉంటే అందులోనే పడుకుని గుడ్లని పాడుచేస్తాయి. గూడు వంటింటి గోడకి ఆనించి కట్టొద్దు. ఇదంతా ఏ వడ్రంగీ అక్కర్లేకుండా మనింట్లో మనం రెండు మూడు రోజుల్లో కట్టుకునే పని. వెల్డ్ మెష్ ఒక్కటే కొనాలి. రాటలు, వెదురు, పొగాకు బ్యారన్‌లో పనికిరాని కర్రలు ఊళ్లో దొరుకుతాయి.

ఇక తిరిగే జాగా. దీని గురించి మన ఊళ్లల్లో ఎవరూ మాట్లాడరు, పథకం కాగితాల్లో అయితే ఆ పదమే కనపడదు. గూడు ఉంటే చాలనుకుంటారు. రోజంతా గూట్లో మూస్తే కోడి ఒకదాన్నొకటి పొడుచుకుంటుంది, ఈకలు పీక్కుంటుంది, మేత మొత్తం మన చేత్తో పెట్టాలి, అప్పుడు ఆ కోడి లాభం కాదు ఖర్చు. కోడి నేల గీకాలి. పురుగు ఏరుకోవాలి. బూడిదలో పొర్లాలి. దడి లోపల ఒక మూల రెండడుగుల గుంట తీసి పొయ్యి బూడిద, పొడిమట్టి వేసి పైన నీడ ఉంచండి, పేలకి అంతకంటే మంచి మందు నేను చూడలేదు. ఇంకో మూల పాత కుండలో పేడ, చితికిన గడ్డి పెట్టి తడిపి బోర్లించి వదిలితే రెండు రోజుల్లో చెదలు పడతాయి. పిల్లలకి అది విందు. మా అమ్మ చేసేది, ఇప్పుడు మా ఆవిడ చేస్తుంది.

రెండు జాగాలెందుకన్నానో ఇప్పుడు చెబుతాను. పన్నెండు కోళ్లని 120 అడుగుల్లో ఆరు నెలలు వదిలితే అక్కడ గడ్డిపోచ మిగలదు. నేల రెట్టతో అట్టకడుతుంది. వానాకాలం అది బురద. రక్తపారుడు, నులిపురుగులు ఆ బురదలోంచే వస్తాయి. పిల్లలు ముందు పోతాయి. అదే మధ్యలో దడి కట్టి రెండు చేస్తే, ఒకటి నెలన్నర రెండు నెలలు కోళ్లకి, రెండోది ఎండకి. ఎండుతున్న దాన్ని ఒకసారి పారతో తిరగేసి తోటకూర చల్లండి. కోళ్లు మళ్లీ అటు మారే వేళకి పచ్చగా ఉంటుంది. పైన వల కట్టాలి, కనీసం పిల్లలు పెద్దయ్యే దాకా. కొల్లేరు చెరువుల మీద పాతబడిన చేపల వలలు మా వైపు చవగ్గా దొరుకుతాయి, గద్దకి అవి చాలు. నీడకి మునగ, జామ వేసుకోండి. కొబ్బరి చెట్టు కింద మాత్రం గూడు కట్టొద్దు, మా పక్క వీధిలో మట్ట పడి కప్పూ పోయింది, పుంజూ పోయింది.

ఈ జాగా ఎంత అవసరమో 2025 ఫిబ్రవరిలో అందరికీ తెలిసింది. తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్‌ఫ్లూ బయటపడింది. పెద్ద ఫారాల్లో మొదలైన రోగం. నిబంధన ప్రకారం కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపాలి, పెరటికోడి కూడా అందులోనే. పది కిలోమీటర్ల దాకా నిఘా. ఆ రోజుల్లో మా ఊరికీ దండోరా వచ్చింది, కోళ్లని బయట వదలొద్దు, లోపలే ఉంచండి అని. లోపల అంటే ఎక్కడ? మంచం కిందా? దడి ఉన్న నాలుగిళ్లు ఆ మాట వినగలిగాయి. మిగతావాళ్లు గంపల కింద మూసి, రెండు రోజులు చూసి, అయినకాడికి అమ్ముకున్నారు. ఆ వారం నాటుకోడి ఏ ధరకి పోయిందో మీకూ తెలుసు. లక్షల కోళ్లని ఒక కప్పు కింద కుక్కినవాళ్ల ఇంట పుట్టిన రోగానికి, పది కోళ్ల ఇల్లాలు రెక్కల కష్టం పోగొట్టుకుంది. ఫారాల్లో బోనులో ఉన్న గుడ్ల కోడికి దక్కే చోటు మనం అర్జీ రాసుకునే తెల్లకాగితం కంటే తక్కువ. దాన్ని పరిశ్రమ అంటారు. మన కోడిని వెనకబాటు అంటారు.

మా గోదావరి జిల్లాల గురించి ఇంకో మాట కూడా రాయకుండా ఉండలేను. పందెం పుంజుకి ఇక్కడ జరిగే మర్యాద అందరూ చూస్తున్నదే. దానికి విడి గది, విడి పనివాడు, బాదం పప్పు, ఈత, ఒంటికి కాపడం. ఒకదాని రెట్ట ఇంకోదానికి తగలనివ్వరు. అంటే కోడికి ఏం కావాలో మనకి తెలియక కాదు. మగవాళ్ల సరదాకి పనికొచ్చే పుంజుకి గది కట్టే ఊళ్లోనే, ఇంటి ఉప్పూ పప్పూ చూసే పెట్టకి చిల్లుపడిన గంప. పైగా సంక్రాంతికి బరి నుంచి తెచ్చిన దెబ్బతిన్న పుంజుని తిన్నగా పెట్టల్లో వదులుతారు, ఆ నెలలోనే కొక్కెర తెగులు వీధి వీధంతా తుడిచిపెడుతుంది. బయటి నుంచి వచ్చిన కోడి సంతదైనా చుట్టాలిచ్చినదైనా మూడు వారాలు విడిగా ఉండాలి. అందుకోసం ఇంకో చిన్న గూడు, అదీ దూరంగా. మళ్లీ చోటే.

డబ్బు లేదంటారా? 2005 నాటి ఉపాధి హామీ చట్టం మొదటి షెడ్యూలు తీసి చదవండి. పేద కుటుంబాల సొంత ఆస్తుల కింద చేయదగిన పనుల్లో పశువుల కొట్టం, మేకల పాక, పందుల పాకతో పాటు కోళ్ల పాక అని స్పష్టంగా రాశారు. మా మండలంలో పశువుల కొట్టాలు లేచాయి, సంతోషం. పది కోళ్ల గూడు ఒక్కటంటే ఒక్కటి నేను చూడలేదు. అడిగితే కోళ్ల షెడ్డు అంటే పెద్ద లెక్కకి గీసిన నమూనా చూపిస్తారు. పది కోళ్లావిడ అందులో ఇమడదు, ఆమెకి అంత స్థలమూ లేదు, ఆమె వంతు డబ్బూ లేదు.

కేంద్ర పథకం తీరు చూడండి. జాతీయ పశుసంపద మిషన్ కింద ఒకప్పుడు పేద కుటుంబానికి నాలుగు వారాల పిల్లల్ని ఇచ్చి, రాత్రి గూటికని కొంత డబ్బు కూడా కలిపేవారు. చాలని డబ్బే, అయినా గూడు అనే మాట ఆ కాగితంలో ఉండేది. 2021లో నిబంధనలు మార్చారు. ఇప్పుడు వెయ్యి తల్లికోళ్లతో, హేచరీతో యూనిట్ పెట్టేవారికి ఖర్చులో సగం, 25 లక్షల దాకా సబ్సిడీ. ఆ హేచరీలో పుట్టిన పిల్ల చివరికి చేరాల్సింది ఈ సెంటున్నర ఇంటికే కదా. పిల్లని పుట్టించేవాడికి పాతిక లక్షలు, దాన్ని బతికించేదానికి చీవాట్లు.

ప్రభుత్వాన్ని అన్నాను, మనల్ని కూడా అనుకోవాలి. మన సంఘం డిమాండ్ల పత్రం నేను పాతికేళ్లుగా చదువుతున్నాను, కొన్నేళ్లు రాశాను కూడా. వరి, పొగాకు, మిర్చి, పామాయిల్, కరెంటు, కాలవ, కౌలు కార్డు అన్నీ ఉన్నాయి. కోడి ఒక్కసారి లేదు. ఆడవాళ్ల పని, చిల్లర వ్యవహారం అనుకున్నాం. పొగాకు వేలం ఆగిన నెలలో మన ఇళ్లలో కూరకి డబ్బు ఎక్కడిదో ఎవరం అడగలేదు. పిల్లాడికి జ్వరం వస్తే రాత్రికి రాత్రి ఆటోకి డబ్బు ఎలా వచ్చిందో అడగలేదు. గుడ్డు ధర రోజూ పేపర్లో వేస్తారు, అది ఫారం గుడ్డు ధర. నాటుగుడ్డుకి ధర కట్టేది గుమ్మం ముందుకొచ్చే వ్యాపారి, ఆ బేరంలో ఆమె వెనక ఏ సంఘమూ నిలబడలేదు.

నాకు తోచింది చెబుతాను, తప్పుంటే దిద్దండి. గూడు, దడి కట్టి చూపించిన ఇంటికే పిల్లల్ని ఇవ్వాలి, ఆ గూడూ దడీ ముందుగా ఉపాధి నిధుల్లో కట్టించాలి. పది కోళ్లకి సరిపోయే చిన్న నమూనా పంచాయతీ గోడ మీద గీయించాలి. మూడు సెంట్లన్నవాళ్లు మూడు సెంట్లు కొలిచి ఇవ్వాలి, ఆ మాట ఇప్పటికే సెంటున్నరలో ఇరుక్కుపోయినవాళ్లకి కూడా వర్తించాలి. అక్కడ ఇళ్లు కట్టేశారు కదా, స్థలం ఎలా పెరుగుతుంది అంటారు. పక్కనే లేఅవుట్‌లో ఉమ్మడి స్థలం అని వదిలిన ముక్క చాలా ఊళ్లలో తుమ్మచెట్లతో పడి ఉంది. పది సెంట్ల ముక్క దొరికితే దానికి చుట్టూ గట్టి కంచె వేసి, లోపల అరలు కట్టి పదిహేను కుటుంబాలకి తలా 240 అడుగులు ఇవ్వొచ్చు. రాత్రి గూళ్లు మాత్రం ఎవరింటి దగ్గర వాళ్లవే. ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాచను. ఒక ఇంటి రోగం అందరికీ పాకుతుంది. అందుకని అక్కడ చేరేవాళ్లంతా టీకా ఒకే రోజు వేయించాలి. అది ఎలాగూ అవసరమే. కొక్కెర తెగులు టీకా సీసా వంద డోసుల పైనే ఉంటుంది, కలిపాక గంటల్లో వాడెయ్యాలి, పది కోళ్లావిడ ఒక్కతీ దాన్ని ఎలా కొంటుంది? వారం పిల్లకి లాసోటా చుక్కలు, రెండు నెలలకి ఇంజెక్షన్, ఊరంతటికీ రోజు కట్టి పశువైద్య సిబ్బంది వచ్చి వెయ్యాలి.

అప్పటిదాకా సెంటున్నరలో ఉన్నవాళ్లకి నా సలహా చిన్నది. పన్నెండు వద్దు, నాలుగు పెట్టలే పెట్టుకోండి. పుంజు వీధికొకటి ఉంటే సరిపోతుంది. రెండడుగుల వెడల్పు నాలుగడుగుల పొడవు గూడు, సందులోనే రెండు చివర్లా జాలీ తలుపులు, పైన వల. మూడడుగుల సందు ఇరవై అడుగుల పొడవుంటే 60 అడుగులు, నాలుగింటికి సర్దుకోవచ్చు. మధ్యలో ఒక తలుపు పెట్టి అదే రెండు ముక్కలు చేసి మార్చుకోండి. ఇరవై పిల్లలిస్తామంటే "నాలుగు చాలు, మిగతా పదహారుకి చోటివ్వండి" అని సంతకం పెట్టేటప్పుడు ఆ కాగితం మీదే రాయండి. మా కాలనీ చెల్లెమ్మ ఈసారి అలాగే రాసింది. రాస్తే తీసుకోమన్నారు, తీసుకోకపోతే సంతకం పెట్టనంది, చివరికి తీసుకున్నారు.

మా ఊరి లేఅవుట్ ఉమ్మడి స్థలం కొలిచి 22 మంది ఆడవాళ్ల సంతకాలతో అర్జీ పెట్టాం. దాని నకలు సంఘం ఆఫీసులో ఉంది, కావలసినవాళ్లు తీసుకోండి. మీ ఊళ్లో ఇంటి స్థలం ఎంత, ఇల్లు పోగా ఎంత మిగిలింది, ఉమ్మడి స్థలం ఎక్కడుంది, పథకంలో వచ్చిన పిల్లలెన్ని, వాటిలో ఎన్ని దేనివల్ల పోయాయి, ఈ ఐదూ ఒక తెల్లకాగితం మీద రాసి వచ్చే నెల కార్యవర్గ సమావేశానికి పంపండి. రాసేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది.